వియ్యంకుల లైను

మూడేళ్ళ కిందట ఆమదాలవలస స్టేషన్ వెనక వీధిలో ఇంటర్నెట్‌కి కరువనేది లేదు. రంగనాథం లైను ఒకటి, జగన్నాధం లైను ఒకటి. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒకడొచ్చి రేటు తగ్గించానంటే, మర్నాడు రెండోవాడు వచ్చి, మా దగ్గర ఎంత వాడుకున్నా అడిగేవాడే లేడనేవాడు. జనం ముసిముసిగా నవ్వుకుంటూ ఈ నెల ఇతని లైనూ, పై నెల అతని లైనూ పెట్టించుకుని మహారాజుల్లా బతికారు. ఒకే ఒక్క తంటా. వీళ్ళ మనుషులు వాళ్ళ వైర్లు కోసేవారు, వాళ్ళ మనుషులు వీళ్ళ వైర్లు కోసేవారు.

వైరు తెగిన పూట మిగతా ఇళ్ళల్లో సీరియల్ ఆగేది. కన్యాకుమారి ఇంట్లో పొయ్యి ఆగినంత పనయ్యేది.

ఎందుకంటే ఆ ఇల్లు నడిచేది సింధూరి జీతం మీద. కన్యాకుమారి భర్తకి స్టేషన్ రోడ్డులో పప్పుల కొట్టు ఉందన్న మాటే గాని, అందులో ఈగలకున్న సందడి బేరాలకి లేదు. కూతురు సింధూరి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఉండగా స్కూటీ మీద పోతుంటే లారీ కొట్టింది. కాల్లో రాడ్లు వేశారు. మెట్లెక్కలేదు, బస్సెక్కలేదు. పోనీలే పాపమని కంపెనీ వాళ్ళు ఇంటి దగ్గర్నుంచే పని చేసుకోమన్నారు. బ్యాంకులో కొత్తగా ఖాతా తెరిచేవాళ్ళతో వీడియోలో మాట్లాడి, ముఖమూ ఆధార్ కార్డూ సరిచూసే పని అది. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా వీడియోనే. మధ్యలో బొమ్మ ఆగిపోతే తప్పు సింధూరిదే. అలాంటి తప్పులు పెరిగితే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. ఫోన్ డేటాతో నెట్టుకొద్దామా అంటే, చుట్టూ గోడౌన్లున్న ఆ వీధిలో మాటే సరిగ్గా వినబడదు. పెద్ద కంపెనీల లైన్లేమో మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాలేదు.

కన్యాకుమారికి ఒక పిచ్చి ఉంది. పెళ్ళీడు పిల్ల కనబడితే చాలు, ఆవిడ కళ్ళు వరుడి కోసం వెతికేస్తాయి. ఆ చుట్టుపక్కల షాపుల వాళ్ళిళ్ళల్లో ఆవిడ కుదిర్చిన సంబంధాలు బోలెడు. ఒకరోజు మళ్ళీ వైరు తెగి సింధూరి ఏడుస్తూ కూర్చుంటే, ఈవిడకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రంగనాథం కూతురు అనూరాధ ఉంది. జగన్నాధం కొడుకు ప్రదీప్ ఉన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, ఈడూ జోడూ. వియ్యంకుడి వైరు వియ్యంకుడు కోస్తాడా?

అదిగో, అక్కడే కొంప మునిగింది. కానీ ఆ రోజున ఎవరికి తెలుసు?

నెల్లాళ్ళపాటు ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి ముడి పెట్టేసింది. పెళ్ళిలో రంగనాథం, జగన్నాధం ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఫోటోలు దిగారు. ఊరంతా బూరెలు తిని చేతులు కడుక్కుంటూ "కన్యాకుమారి సేతి సలవ" అని మెచ్చుకుంది. ఇద్దరూ కలిసి ఆవిడకి పసుపు రంగు పట్టుచీర పెట్టారు. ఆ చీర కట్టుకుని ఆవిడ ఎంత మురిసిపోయిందో చెప్పలేం.

వైర్లు తెగడం ఆగింది. అందులో అబద్ధం లేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకి రెండు లైన్లూ ఒకే ఆఫీసు కిందికి వచ్చాయి. తర్వాత అందరి ఫోన్లకీ ఒక మెసేజ్ వచ్చింది. ఇకనుంచి నెలకి ఇంత డేటా. అది దాటితే స్పీడు తగ్గుతుంది. తగ్గుతుందంటే ఏదో కొంచెం నెమ్మదిగా వస్తుందనుకున్నారు. ఏం లేదు, వైరు ఉంటుంది, పెట్టెలో దీపం వెలుగుతూ ఉంటుంది, అందులోంచి ఏమీ రాదు. రేటు మాత్రం పెరిగింది.

పక్కింటి కూర్మమ్మ మనవడి క్లాసులు ఆగిపోయాయని గుమ్మం ముందు నిలబడి చేతులు తిప్పింది. "పెల్లి సేసినావా తల్లీ, మా పీక్కి ఉరేసినావా? నీ సేతి సలవ మండిపోనూ!" ఇంకెందరో వచ్చారు, అందరూ తిట్టారు. రంగనాథం ఇంటి వైపు మాత్రం ఒక్కరూ పోలేదు. రేపు లైను చెడితే బాగుచెయ్యాల్సింది అతనే కదా!

సింధూరి పనికి ఆ డేటా నెలలో సగం రోజులకి కూడా రాలేదు. అదనపు ప్యాకు వేయించుకోమన్నారు. వేయించారు. రెండు రోజుల్లో ఆవిరైపోయింది. అలా వేయిస్తూ పోతే సింధూరి జీతమంతా రంగనాథం ఇంటికే దారిపడుతుంది. ఈలోగా కంపెనీ నుంచి కబురు రానే వచ్చింది. ఈ నెల కూడా కాల్స్ తెగితే పైనెల నుంచి రానక్కర్లేదన్నారు.

కన్యాకుమారి చీర కొంగు దోపుకుని రంగనాథం ఇంటికి వెళ్ళింది. వియ్యంకులిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని జీడిపప్పు నములుతున్నారు.

"రా సెల్లీ, రా! ఒసే, కాఫీ పట్రా, మన పెళ్ళిపెద్ద వచ్చినాది" అని రంగనాథం లోపలికి కేకేశాడు.

"కాఫీకి రాలేదన్నయ్యా. నెల సగమవకుండా లైను సచ్చిపోతన్నాది. మా గుంట ఉద్యోగం పోయేలాగున్నాది. మా ఒక్కింటికి ఆ లిమిట్ తీసీండి."

రంగనాథం వియ్యంకుడి వైపు తిరిగాడు. "నాదేటున్నాది? బావగారు సెప్పాలి."

"అబ్బెబ్బే, తమరుండగా నానేటి సెప్తాను బావగారూ?" అన్నాడు జగన్నాధం చేతులు జోడిస్తూ. "పిల్లనిచ్చినోరు, మీ మాటే మాట."

"అదేటి బావగారూ, మీ మాట కాదని నానేటైనా సేసినానా?"

ఇలా ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ పోయారు. వెనకటికి ఇలాంటప్పుడు ఒక్క మాట చాలేది. అలవాటు కొద్దీ కన్యాకుమారి నోట్లోంచి అది వచ్చేసింది.

"అలగైతే నాను రేపే లైను మార్పించేసుకుంటాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పొట్టలు కదిలేలా నవ్వారు. "ఎవులికి మార్పిస్తావు సెల్లీ?" అన్నాడు రంగనాథం. కన్యాకుమారికి చెంప చెళ్ళుమన్నట్టయింది.

నవ్వు ఆపుకుని జగన్నాధం ముందుకి వంగాడు. "అక్కా, నీకాడో పని పడ్డాది. కోటబొమ్మాళిలో భాస్కర్ అని ఒక కుర్రోడు కొత్తగా లైను ఏస్తన్నాడు. లిమిట్ లేదని కాయితాలు పంచుతన్నాడంట. రేపో మాపో మన ఊరికీ దిగుతాడు. పెళ్ళి కాలేదు. మా సిన్నది రాజకుమారి ఉన్నాది కదా, నీ సెయ్యి మంచిది..."

ఆవిడకి వెంటనే అర్థమైంది. ఒళ్ళు మండింది.

"మీరు పిల్లనిస్తన్నారా, ఆ కుర్రోడి లైను లాక్కుంటన్నారా? ఒకసారి సేసిందానికే ఊరు ఊరంతా ఉసూరుమంటన్నాది. నానీ పాపం మళ్ళీ మూటగట్టుకోను."

"కోపమెందుకు సెల్లీ?" రంగనాథం గొంతు వెన్నలా ఉంది. "సంబంధం కలిపీ. సింధూరికి లిమిట్ లేని లైను ఇస్తాం. ఉన్నన్నాళ్ళూ. ఆలోసించుకో."

కాఫీ ముట్టకుండా లేచి వచ్చేసింది. దారి పొడుగునా గర్వంగానే నడిచింది.

ఇంట్లో సింధూరి లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఎవరో పెద్దాయన నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయి ఉన్నాడు. "సార్, వినబడుతోందా సార్? ఒక్క నిమిషం ఉండండి సార్" అని పిల్ల బతిమాలుతోంది. ఆయన కదల్లేదు. తెర నల్లబడింది.

కన్యాకుమారి అక్కడ జరిగిందంతా చెప్పింది. ఎలా కడిగిపారేసిందో మరీ చెప్పింది. సింధూరి కుర్చీ తల్లి వైపు తిప్పింది.

"ఎందుకొద్దన్నావమ్మా?"

"ఎందుకేటే? ఊరి నోట మట్టి కొట్టే పని కాదా?"

"ఊరేటి సేసింది మనకి? నాను మంచం మీదున్నప్పుడు ఎవులొచ్చినారు? లిమిట్ పెట్టినప్పుడు ఆల్లింటి ముందు ఒక్కరు నిలబడ్డారా? అందరూ మన గుమ్మం కాడికొచ్చి నిన్ను తిట్టి పోనారు." సింధూరి చేత్తో మోకాలి మీద కొట్టుకుంది. "ఈ కాలేసుకుని నాను మళ్ళీ వైజాగ్ ఎల్లగలనా? ఈ ఉద్యోగం పోతే నాకింకోటి ఎవులిస్తారు? సెప్పు."

కూతురు మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగిపోయింది. కన్యాకుమారికి కూతురి మీద కోపం రాలేదు. ఆ మాటలు విన్నాక, తన మనసులో మూల ఎక్కడో ఉన్న మాటే పిల్ల పైకి అందనిపించింది. అదే మరీ బాధ.

మర్నాడు పొద్దున్నే పసుపు పట్టుచీర బయటికి తీసి కట్టుకుంది. దారిలో రంగనాథం ఇంటి దగ్గర ఆగి, లోపలికి వెళ్ళకుండా, గుమ్మంలోంచే "ఎల్తన్నాను" అని చెప్పి, పాసింజర్ రైలెక్కింది.

రైలు సగం దూరం పోయిందో లేదో ఫోను మోగింది.

"అమ్మా! లైను ఎంత బాగా వస్తన్నాదో! ఒక్కసారీ బొమ్మ ఆగలేదు" అంది సింధూరి. గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. కన్యాకుమారి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. ఛీ, ఎంత గడుసు మనుషులు! తను ఇంకా నోరు తెరిచి అడగని సంబంధానికి అప్పుడే ముట్టజెప్పేశారు. ఇప్పుడు దిగి వెనక్కి పోతే ఆ సంతోషం మధ్యాహ్నానికి ఉండదు.

కోటబొమ్మాళిలో భాస్కర్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో కొత్త వైరు చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. భాస్కర్ వీధి చివర నిచ్చెనెక్కి ఉన్నాడు. అతని తల్లి పద్మకుమారి చాప వేసి, మంచినీళ్ళిచ్చింది. సంబంధం మాట వినగానే ఆవిడ మొహం విచ్చుకుంది.

"మావోడు ఒట్టి పిచ్చోడమ్మా. జనానికి ఎంత కావాలంటే అంత వాడుకోనీ, నాకేటి పోద్ది అంటాడు. మీ ఆమదాలవలస నించి ఒకటే ఫోన్లు, ఎప్పుడొస్తావు బాబూ అని. కూర్మమ్మంట, ఎవరో పెద్దావిడ, మనవడి సదువు పోతన్నాదని రోజూ ఏడుస్తాది. వచ్చే నెల ముందు ఆవిడింటికే లైను ఇస్తానని మాటిచ్చినాడు."

కన్యాకుమారి గ్లాసు కింద పెట్టింది.

"నీకు దాపరికమెందుకు," అని పద్మకుమారి దగ్గరికి జరిగింది, "ఆల్లదీ ఇదే యాపారం కదా. ఎలాటి మనుషులమ్మా? మావోడి పని సాగనిస్తారా? నువ్వు సెప్పు, నీ మాట మీదే నమ్మకం."

గేటు బయట భాస్కర్ నిచ్చెన మీంచి ఎవరికో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. కన్యాకుమారి పట్టుచీర కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"బంగారం లాటి మనుషులు వదినా," అంది. "నీ కొడుకుని కన్నకొడుకులాగ సూసుకుంటారు."

గొంతు కొంచెమైనా వణుకుతుందేమో అనుకుంది. వణకలేదు. పద్మకుమారి సంబరంగా లేచి బెల్లంముక్క తెచ్చి నోట్లో పెడితే, కాదనకుండా నమిలి మింగింది.