చెలమ దగ్గర హన్నా

పుల్లలచెరువు పక్క పల్లెలో ఎండలు ముదిరితే బావులు అడుగంటేవి. అప్పుడు ఆడవాళ్ళు కడవలు తీసుకుని వాగులోకి పోయేవాళ్ళు. ఎండిన ఇసుకలో మోచేతి లోతున చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా పక్కన కూచుని, కొబ్బరి చిప్పతో తోడుకునేవాళ్ళు. ఆ చెలమకు తొందరపడేవాళ్ళంటే గిట్టదు. మనసు ఇంకోచోట పెట్టుకుని ఎవరైనా వంగితే, ఊరిన నీళ్ళు ఊరినట్టే ఇసుకలోకి దిగిపోయేవి. అది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ వింతగా చెప్పుకునేవాళ్ళు కాదు.

హన్నాకు మాత్రం ఆ నీళ్ళు ఒక్కరోజూ దక్కలేదు. ఆమెది నడక కాదు, పరుగు. గుడిలో ప్రార్థన చేయించే దావీదు అయ్యగారు ఆమెన్ అనకముందే తనే అనేసి లేచేది. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే అందించేది. అందించింది తప్పయినా సరే, ఆగి వినేది కాదు. పాపం, ఆమెను మాత్రం ఏమనగలం? ఆమె కూలికి పోయే మార్కాపురం రోడ్డు కలెక్టరు దొర కారు వచ్చేలోపు పూర్తి కావాలట. మేస్త్రి ఈల వేసేసరికి కంకర కుప్ప దగ్గర లేకపోతే ఆ రోజుకు పని లేనట్టే. మొగుడు యాకోబు పలకల గనిలో పనికి పోయి, ఆదివారాలు తప్ప ఇంటి మొహం చూసేవాడు కాదు. అందుకే నీళ్ళు తేవడం అత్త రోశమ్మ వంతయింది.

హన్నాకున్న దిగులల్లా కూతురు ప్రేమకుమారి. అయిదో ఏడు వచ్చినా మాట రాలేదు. బిడ్డ నోరు తెరిచి "అ..." అనేసరికి, "అన్నమా? ఇదిగో" అని చేతిలో ముద్ద పెట్టి హన్నా పరుగు తీసేది. పిల్ల మూగదని ఊరంతా తేల్చేసింది. దూరాన ఎక్కడో మిషను వాళ్ళ మూగపిల్లల బడి ఉందని, తానే తీసుకుపోయి చేరుస్తానని దావీదు అయ్యగారు అన్నాడు. హన్నా సరేనంది. ఆ మాపు బిడ్డ తల నిమురుతూ ఏడ్చింది. ఏడుపు కూడా గబగబా ముగించింది.

అయ్యగారి బండి వచ్చే రోజు పొద్దున్నే రోశమ్మ కాలు బెణికింది.

"దోవలో బిడ్డకు నీళ్ళుండాల గదే, నువ్వే పో" అంది కోడలితో. "దాన్నీ తీసకపో. కాసేపు నీతో ఉంటాది."

"ఆ నీళ్ళు నాకు రావు గదత్తా!"

"రాకేం? కూచుంటే వస్తాయి."

హన్నా చెలమ ముందు గొంతుక్కూచుంది. నీళ్ళు అరచెయ్యంత ఊరాయి. అంతలో రోడ్డు మీద మేస్త్రి ఈల వినిపించింది. ఆమె చూపు అటు తిరగ్గానే నీళ్ళు దిగిపోయాయి. తిట్టింది, బతిమాలింది, చిప్పతో ఇసుక గీకింది. లాభం లేకపోయింది. రెండో ఈల కూడా పడింది. ఇంక ఆ పూట పని పోయింది. పోయాక చేసేదేముంది, ఇసుకలో చతికిలబడింది.

అలా కూచున్నాకే ఎదురుగా ఉన్న బిడ్డ కనబడింది. కుడి కనుబొమ్మ మీద చిన్న పుట్టుమచ్చ. అది అక్కడుందని కన్నతల్లికి ఇన్నాళ్ళూ తెలియదు. రెప్ప వాల్చకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోయింది. చెలమలో నీళ్ళు మెల్లగా పైకొచ్చాయి.

బిడ్డ తల్లి వైపు చూసి నోరు తెరిచింది.

"అ..."

"అన్న..." అనబోయింది హన్నా. నీళ్ళు బెత్తెడు దిగాయి. చటుక్కున నోరు మూసుకుంది. నీళ్ళు మళ్ళీ ఊరాయి.

"అ... మ్మ..."

దాహమా అన్న మాట హన్నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎండెక్కింది. చెలమ నిండి, అంచు పొర్లి, ఇద్దరి కాళ్ళ కింద ఇసుక తడిసింది.

"అమ్మా... నువ్వు... కూచున్నావు."

హన్నా బిడ్డను ఒళ్ళోకి లాక్కుని బావురుమంది.

ఇంటికొచ్చేసరికి బండి పక్కన అయ్యగారు నిలబడి ఉన్నాడు.

"ఇంతసేపేందమ్మా? మార్కాపురంలో రైలు అందుకోవాల."

"బిడ్డ రాదయ్యా. అది మూగది కాదు. దాని మాట వచ్చేదానికి తడవు పడతాది, అంతే. నేనే ఎన్నడూ ఆగలేదు."

అయ్యగారు నమ్మలేదు. తల్లి ప్రేమ ఇట్లాంటివెన్నో చెబుతుందని ఆయనకు తెలుసు. వంగి, "నీ పేరేంది తల్లీ?" అని బిడ్డను అడిగాడు.

బిడ్డ నోరు తెరిచింది. మాట రాలేదు. పేరు హన్నా నోట్లో సిద్ధంగా ఉంది. తను చెప్పేస్తే మాత్రం బిడ్డ బండెక్కాల్సిందే. పెదాలు బిగించి, కూతురి పక్కనే నేలమీద కూచుంది. ఆమెను చూసి అయ్యగారూ అరుగు మీద కూచున్నాడు.

"ప్రే..." అంది బిడ్డ.

ఇంకా చాలా పేరు మిగిలి ఉంది. బండి తోలే సీమోను తల్లినీ బిడ్డనూ కాసేపు చూసి, ఎవర్నీ అడక్కుండానే ఎడ్ల మెడమీంచి కాడి దించేశాడు.