అతికించిన పేజీలు

బాప్తిస్మం ఇచ్చినప్పుడు నాకు ఆనందరావని పేరు పెట్టారు గానీ, వన్ టౌన్‌లో మా సందుకి నేను తవిటయ్యనే. పేరెలాగూ మారలేదు, మనిషైనా మారాడా అన్నది ఎనిమిదేళ్ళుగా నన్ను తినేస్తున్న అనుమానం. అందుకే నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఎన్ని అధ్యాయాలు చదివాను, ఎంతసేపు ప్రార్థించాను, ఉపవాసం ఉన్నానా లేదా, అన్నీ అందులో రాసేవాణ్ణి. పోర్టులో పని చేసేవాడికి రాసి చూసుకోకపోతే అన్నం అరగదు.

ఎనభైనాలుగు క్రిస్మస్‌కి ముందు మా సంఘంలో కొత్త పెద్దని ఎన్నుకోవాలన్నారు. నా పేరు పైకొచ్చింది. ఎంత సంబరపడ్డానో చెప్పుకుంటే సిగ్గు. నోటుబుక్కు తీసి చూసుకుంటే ఒక్కటే మచ్చ, జూలై నెల. నెలంతా సున్నాలే. ఆ రెండు పేజీల్నీ అన్నం మెతుకులతో అతికించేసి, పుస్తకం చంకలో పెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేం అయ్యగారంటాం.

అయ్యగారు పుస్తకం తెరవనైనా లేదు.

“తవిటయ్య గారూ, పోర్టులో మీ పనేంటి?”

“ఇనప ఖనిజం ఎక్కించాక ఓడ ఎంత మునిగిందో దాని పక్కనున్న అంకెలు చూసి, ఎన్ని టన్నులు ఎక్కాయో చెప్పడమండి.”

“ఆ అంకెలు ఓడలో కూర్చుని చూస్తారా?”

“ఓడలో ఉంటే ఎలా కనిపిస్తాయండీ? కింద పడవలోంచి చూడాలి.”

“మన ఆనవాయితీ కూడా అంతే కదా. సంఘపెద్దగా నిలబడేవాడి గురించి సంఘం బయటి మనిషొకరు సాక్ష్యం చెప్పాలి. మీ పక్కింటి పోతమ్మని తీసుకురండి.”

నా పనిని నా మీదికే తిప్పినందుకు ఒళ్ళు మండింది. పైగా పోతమ్మ! చేపలమ్ముకునే మనిషి. ఆవిడ నోరు విప్పితే పూర్ణా మార్కెట్ దాకా వినిపిస్తుంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి గొంతెత్తి ప్రార్థన చేసేవాణ్ణి. ఆవిడ గోడవతల నుంచి “నీ దేవుడికి సెవుడా ఏటి?” అని అరిచేది. నేను తిరిగి అన్న మాటలు ఏ నోటుబుక్కులోనూ రాయలేదు.

రెండు వారాలు నాన్చాను. చివరికి నా భార్య గౌరీశ్వరి విసుక్కుంది. “ఎలాగూ పోయేదే కదా, అడిగి పోగొట్టుకో. ఆ సణుగుడు నేను పడలేను.”

ఆదివారం సాయంత్రం పోతమ్మ ఖాళీ గంప చంకనెట్టుకుని అయ్యగారి అరుగు మీద కూర్చుంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

“ఈడు మంచోడా అంటే నాను సెప్పలేను బాబూ. నోరు మంచిది కాదు. నాది మాత్రం మంచిదా ఏటి?” అంది. నా పని అయిపోయిందనుకున్నాను.

“అయితే ఒకటుంది. ఆసాడంలో మా కన్నబాబుకి కామెర్లొచ్చాయి. పిల్లి నడిసినా లేసి కూకునీవోడు. కొడుకు మంచం మీదున్నాడని నాను సేపలకి పోకపోతే గంజి నేదు. కొళాయొచ్చీ యేళకి ఇంటికాడ ఉండను, మరి నీల్లెవులు పడతారు? ఆ నెల్లాళ్ళూ ఈడి గొంతు లేవనేదు. నానొచ్చీసరికి గుమ్మంకాడ రెండు బిందెలు నిండుండీవి. ఎవులెట్టారో నానడగనేదు, ఈడు సెప్పనేదు.”

అయ్యగారు నా చంకలోని నోటుబుక్కు అందుకుని తిప్పారు. జూన్ తరవాత ఆగస్టు వచ్చింది.

“జూలై ఏదండీ?”

అబద్ధమాడే ఓపిక లేదు. “అతికించేశానండి. అన్నీ సున్నాలు. పిల్లాడికి నిద్ర పాడవుతుందని ప్రార్థన మానేశాను. ఆ టైములో నీళ్ళు మోసేవాణ్ణి. డ్యూటీ నుంచి వచ్చేసరికి కళ్ళు మూతలు పడిపోయేవి. పుస్తకం ముట్టలేదు.”

ఆయన గోరుతో అంచు పట్టి లాగారు. ఎండిన మెతుకులు పటపటమని ఊడాయి. ముప్పై ఒక్క సున్నాలు బయటపడ్డాయి. పోతమ్మకి చదువు రాదు. మెడ సాచి చూసింది.

“ఆ గుండ్రాలేటి తవిటయ్యా?”

“దేవుడితో లేని రోజులు” అన్నాను.

“ఓలమ్మో! ఆ నెల్లాళ్ళూ మీ దేవుడు మా గుమ్మంకాడే ఉన్నాడు గదా. నీకు తెల్దేటి?”

నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ళు వెతుక్కున్నది నేనే మెతుకులు పెట్టి మూసేశాను. సిగ్గు, సంతోషం ఒక్కసారే వచ్చాయి. అయ్యగారు పుస్తకం మూసి నా చేతికిచ్చి, లోపల్నుంచి పోతమ్మకి టీ తెప్పించారు.

క్రిస్మస్‌కి నన్ను పెద్దని చేశారు. మర్నాడు తెల్లవారుజామున కొళాయి లైన్లో పోతమ్మ నా ముందే నిలబడి ఉంది. కన్నబాబు ఎప్పుడో కోలుకుని చేపల వేటకి వెళ్తున్నాడు, ఇప్పుడు ఆవిడకి సాయం అక్కర్లేదు.

“పెద్దోడివైపోనావు గదా, ఇంక బిందె మొయ్యవా ఏటి?” అంది.

“ఇలా తే” అన్నాను. బిందె భుజానికెత్తుకుని ఆవిడ గుమ్మం దాకా ప్రార్థన చేసుకుంటూ నడిచాను, పైకి వినపడకుండా.