ఇంటికి రాని బాతు

గోమతి టీచర్ మొదటి పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేస్తామంటూ కొట్టాయం నుంచి ఎడిటర్ సజీష్ వచ్చాడు. బొమ్మలన్నీ కొత్తగా గీయిస్తామన్నాడు. కాఫీ తాగి, కాసేపు నీళ్లు నమిలి, అసలు మాట బయటపెట్టాడు.

"చివర్లో బాతు ఇంటికి రాదు కదా టీచర్. పిల్లలు ఏడుస్తున్నారని తల్లిదండ్రుల గొడవ. ఆ ఒక్క పేజీ మార్చి దాన్ని ఇంటికి తెచ్చేయండి."

"చూద్దాంలే," అంది గోమతి. అతను వెళ్లాక ఆ మాటే పట్టుకుని కూర్చుంది.

ఆ కథ పుట్టింది నీళ్ల మధ్య ఉండే కుట్టనాడులో, ఆమె ఉద్యోగంలో చేరిన ఏడు. పొలాల గట్టు తెగి బడిని నీళ్లు చుట్టుముట్టాయి. పిల్లల్ని మేడమీది గదిలోకి ఎక్కించింది. తడి బట్టల వాసన, కొబ్బరినూనె వాసన, ఎడతెగని వాన. చిన్నవాళ్లు ఏడుపు అందుకున్నారు. ఏం చేయాలో తోచక, మందలోంచి తప్పిపోయిన బాతు కథ మొదలుపెట్టింది. నోటికొచ్చినట్టు చెప్పుకుపోతుంటే ఏడుపులు ఆగాయి. బాతు ఇల్లు చేరే వేళకు కిటికీ దగ్గరున్న రోసక్కుట్టి వెనక్కి తిరిగింది. ఆ పిల్ల తండ్రి బాతులు మేపేవాడు.

"అబద్ధం. మా బాతులు రాలేదు," అంది.

గదిలో అందరూ గోమతి మొహంలోకి చూశారు. ఆమె గొంతు సవరించుకుని కథ మార్చేసింది. బాతు ఇంటికి రాలేదు. అవతలి కాలువ ఒడ్డున ఎవరో ముసలమ్మ దాన్ని చేరదీసి నూకలు వేసింది. అక్కడే గుడ్లు పెట్టుకుని సుఖంగా ఉంది. రోసక్కుట్టి కిటికీ వదిలి వచ్చింది. గోడకానుకుని నిద్రపోయింది. వానలు తగ్గాక గోమతి దాన్ని రాసి పిల్లల మాసపత్రికకు పంపింది. రచయిత్రి అయింది అలాగే.

ఆదివారం పొద్దున్నే గోమతి పడవెక్కింది. ఆ బడి ఉన్న ఊళ్లో రేవు పక్కన రోసక్కుట్టి చిన్న హోటలు నడుపుతోంది. తల ముగ్గుబుట్ట అయింది గానీ చూపు అదే.

"ఎంత చిక్కిపోయారు టీచర్! కూర్చోండి. కర్రపెండలం, చేపల పులుసు ఉన్నాయి. బాతు కూరా ఉంది గానీ, మీకు పెడితే ఊళ్లో పిల్లలు నన్ను బతకనివ్వరు."

గోమతి నవ్వి, వచ్చిన పని చెప్పింది. "నీ బాతులు పోయాయనేగా అప్పుడు మార్చాను. మళ్లీ మార్చాలంటే నిన్ను అడగాలనిపించింది."

రోసక్కుట్టి గరిటె పక్కన పెట్టింది.

"బాతుల కోసమా నా బెంగ? వాటిని వెతుక్కుంటూ మా అప్పచ్చన్ పడవేసుకుని పోయాడు టీచర్. నాన్న రాలేదని నోటితో అనడానికి భయమేసి, బాతులు రాలేదన్నాను."

గోమతి బెంచీ మీద ముందుకు జరిగింది.

"మీరు ముసలమ్మ, నూకలు అనేసరికి మా అప్పచ్చన్ కూడా ఎవరి అరుగు మీదో కూర్చుని గంజి తాగుతుంటాడులే అనిపించింది. అంతే, కన్ను మూతపడింది."

"వచ్చాడా మరి?"

"నీళ్లు తగ్గాక వచ్చాడు. నిజంగానే ఎవరింట్లోనో గంజి పోశారట. అందులో ఉప్పు లేదని సణుక్కుంటూ వచ్చాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. గోమతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ తన కథ తనకు తెలుసనే అనుకుంది. అక్కణ్నుంచే సజీష్‌కు ఫోన్ చేసింది.

"ముగింపు అలాగే ఉంచు నాయనా."

"మరి తల్లిదండ్రులు, టీచర్?"

"పిల్లలతో పాటు వాళ్లనీ కూర్చుని వినమను."

అవతల అతను సరేనన్నాడు.

అన్నాలు తిన్నాక, ఆనాటి గదిలోని పిల్లలను ఒక్కొక్కరినే తలుచుకున్నారు.

"కురువిల ఉండేవాడు చూడు, ఎప్పుడూ ముక్కు కారుతూ..."

"వాడిప్పుడు పంచాయతీ మెంబరు టీచర్. ముక్కు మాత్రం ఏం మారలేదు."

రేవులోకి తిరుగు పడవ వచ్చి కూత వేసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. ఇంకో పడవ ఉందిలే అంది రోసక్కుట్టి.