సమ్మె అన్నాను తాతయ్యా!

కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అన్నీ ముద్దొస్తాయట. నాకు మాస్కు కూడా ముద్దొచ్చేది. పొద్దున్నే మా ఆయన నా వెనక నిలబడి దాని తాళ్ళు కడుతూ, "ఇదిగో, మళ్ళీ ముడేశాను. ఇంకెక్కడికీ పారిపోలేవు" అనేవాడు. వీధి చివరిదాకా నవ్వుకుంటూ వెళ్ళేదాన్ని.

నేను వృద్ధాశ్రమంలో నర్సుని. ఊరంతా ఆ మాయదారి రోగంతో వణుకుతున్న రోజులవి. మేడమీద కిటికీ పక్క మంచం రేడియో తాతయ్యది. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. ఊపిరితిత్తులు మాత్రం అంతంతమాత్రం. రోగం ఆయనదాకా వచ్చిందంటే ఆ రేడియో మూగబోయినట్టే. అదే నా భయం.

ఒకరోజు ఆయా అక్క, నేను కలిసి ఆయన దుప్పటి మారుస్తున్నాం. అక్క చెయ్యి తగిలింది. కాలిపోతోంది.

"జ్వరమా అక్కా?"

"ష్! మాత్ర వేసుకున్నాలే. ఇంట్లో కూర్చుంటే జీతం కోస్తారు. నీకేమ్మా, ఇద్దరూ సంపాదిస్తారు."

బలవంతాన ఇంటికి పంపించాను. అదృష్టం, అది మామూలు జ్వరమే.

మర్నాడు మా యూనియన్ వాళ్ళం పెరట్లో ఎడంఎడంగా నిలబడి తేల్చేశాం. జ్వరమొస్తే జీతంతో సెలవివ్వాలి, లేకపోతే సమ్మె. పెద్దవాళ్ళ తిండీ మందులూ ఆగకుండా వంతులు కూడా వేసుకున్నాం. మేనేజరు "పైవాళ్ళనడగాలి" అని నసిగాడు.

ముందుగా చెప్పడం మర్యాద కదా అని తాతయ్య దగ్గరికి వెళ్ళాను.

"రేపట్నుంచి సమ్మె చేస్తాం తాతయ్యా. మీరేం కంగారుపడకండి."

ఆయన మాస్కులోంచి ఏదో గొణిగారు. సరే అన్నారనుకుని నేనూ తలూపి వచ్చేశాను.

పొద్దున్న వెళ్ళేసరికి మేనేజరు గది ముందు వసారా నిండా కుర్చీలు, ఒక్కోటీ చేతికర్రంత ఎడంలో. ముందు వరసలో తాతయ్య, ఒళ్ళో బట్టల సంచీ.

"ఎవరికి అమ్మేశావు బాబూ, ఈ ఇల్లు?"

"అమ్మడమేంటండీ?" మేనేజరు నోరెళ్ళబెట్టాడు.

"బుకాయించకు. నర్సమ్మాయే చెప్పింది. 'అమ్మేస్తారా?' అంటే తల కూడా ఊపింది."

అందరూ నావైపు తిరిగారు.

"సమ్మె అన్నాను తాతయ్యా! సమ్మె!"

"ఎందుకూ?"

"జ్వరమొస్తే మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వమని. అది మీకంటకూడదని."

తాతయ్య ఒళ్ళోని సంచీ కిందపెట్టారు. "అయితే మేమూ సమ్మెలోనే. ఎలాగూ కూర్చున్నాం, మళ్ళీ లేవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు."

"మా పిల్లలందరికీ ఫోన్లు కూడా చేస్తాం బాబూ, తీరిగ్గా" అంది వెనకనుంచి ఒక బామ్మ.

సాయంత్రం టీ వేళకల్లా పైవాళ్ళు ఒప్పేసుకున్నారు.

ఆ సెలవు మొట్టమొదట వాడుకున్నది ఎవరనుకున్నారు? నేనే! వారం తిరక్కుండా గొంతు గరగర, ఒళ్ళు వెచ్చన. ఇదివరకైతే నేనూ మాత్ర మింగి వెళ్ళిపోయేదాన్నేమో. ఇంట్లో ఉండిపోయాను. పరీక్ష చేస్తే ఆ రోగమేనని తేలింది. మా ఆయన గది గుమ్మం దగ్గర కంచం పెట్టి, "పెళ్ళికూతురు గారూ, భోజనం!" అని అరిచి పరుగెత్తేవాడు. జ్వరంలో కూడా నవ్వాగేది కాదు.

జ్వరం దిగుతుండగా తాతయ్య ఫోన్ చేశారు.

"మేడమీద అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం. నీ సంగతేంటమ్మాయ్?"

"తగ్గుతోంది తాతయ్యా. పూర్తిగా తగ్గాక వస్తాను."

"అరె, మాస్కు లేకపోతే నీ మాట ఇంత బాగా వినపడుతుందా! ఏదీ, సమ్మె అను."

"సమ్మె!"

"ఆఁ, ఇప్పుడు తెలిసింది."

మూసిన తలుపవతలనుంచి మా ఆయన గొంతు:

"ఏంటోయ్, ఏం అమ్మేస్తారట?"