ఒక్క శుక్రవారం, సముద్రం దాకా

నేను ఒక ఎడారి మోటార్‌సైకిల్ని. ఇసుకలో పరిగెత్తడం కోసమే నన్ను తయారుచేశారు గానీ, పుట్టాక పంతొమ్మిదేళ్ల దాకా నేను ఎడారి మొహమే చూడలేదు. నవ్వకండి. వంట పుస్తకాలు కొని హోటల్లో భోంచేసేవాళ్లు మీలోనూ ఉన్నారు.

జపాన్‌లో పుట్టాను. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, ఎత్తయిన సీటు, టైర్లకి వేలెడంత గుబ్బలు. నా ఆఖరి బోల్టు బిగించిన పెద్దమనిషి సీటు మీద ఒక్క చరుపు చరిచి ఏదో అన్నాడు. నాకు ఆ భాష రాదు. ఇసుకలోకి పో అన్నాడనే అనుకున్నాను, అంతే సంబరపడిపోయి ఓడ ఎక్కాను.

ఓడ ఒమాన్‌లో దించింది. మస్కట్‌లో నన్ను కొన్నాయన చమురు కంపెనీ ఇంజినీరు. ఎడారి పందేల వీడియోలు చూసి మనసు పారేసుకున్నాడట. తీసుకెళ్లి నాలుగో అంతస్తులో, హాల్లో, తివాచీ మీద నిలబెట్టాడు. వచ్చిన చుట్టాలందరికీ నన్ను చూపించి, "మా బండికి ఎడారంటే పిచ్చి" అని చెప్పేవాడు. ఆయనకి నా మీద కూర్చోవడం కంటే నా పక్కన నిలబడటం ఎక్కువ ఇష్టం. నాలుగేళ్ల తర్వాత నన్ను ఒక హోటలు వాళ్లు తీసుకున్నారు. గుమ్మం దగ్గర పెద్ద పళ్లెంలో రెండు బస్తాల ఇసుక పోసి, ప్లాస్టిక్ ఈతచెట్టు పెట్టి, దాని కింద నన్ను నిలిపారు. నా టైరుకి తగిలిన మొదటి ఇసుక అదే. పిల్లలు నా సైలెన్సరులో చూయింగ్ గమ్ కుక్కేవారు. అలా పద్నాలుగేళ్లు నిలబడి నిలబడి ఇంజను బిగుసుకుపోయాక, ఇక లాభం లేదని తుక్కు లారీ ఎక్కించారు.

ఆ లారీ నన్ను ఇసుక అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఒక షెడ్డు వెనక పడేసింది. మాలకొండయ్య నన్ను మొదటిసారి చూసింది అక్కడే.

మాలకొండయ్యది చినగంజాం వైపు ఉప్పుమడుల ఊరు. నలభై ఆరేళ్లు, బట్టతల, తక్కువ మాట. ఆ షెడ్డులో పదకొండేళ్లుగా మెకానిక్కు. ఎడారిలోకి వెళ్లే జీపులూ బండ్లూ ఆయన చెయ్యి పడకుండా కదలవు. చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. కానీ ఆయన మాత్రం ఇసుకలోకి ఒక్క అడుగు వెయ్యడు. ఊరి చివర తారు రోడ్డు ఆగిపోయే చోట ఒక నల్ల పీపా ఉంటుంది. బాగుచేసిన బండిని అక్కడిదాకా నడిపి చూసి, వెనక్కి తిప్పేస్తాడు.

దానికి కారణం ఉంది. వచ్చిన కొత్తలో మంచినీళ్ల ట్యాంకరు మీద పని. ఒకసారి ఇసుక మధ్యలో బండి ఆగిపోయింది, గాలి లేచింది, టైరు గుర్తులు పూడిపోయాయి. రెండు రోజులు ట్యాంకరు నీడలో పడి ఉన్నాడు. మూడో రోజు ఎవరో చూసి తీసుకొచ్చారు. అప్పటినుంచి ఆ పీపా దగ్గరికి వస్తే చాలు, కాళ్లలో వణుకు మొదలవుతుంది.

ఇంతవరకూ అయితే ఫరవాలేదు. మనిషన్నాక భయం ఉంటుంది. చిక్కంతా కూతురితో వచ్చింది. కోమలికి ఏడాది నిండకముందే ఈయన విమానం ఎక్కాడు, మళ్లీ ఇంటికి పోవడం కుదరలేదు. ఆ పిల్ల అయిదేళ్లప్పుడు ఫోన్లో, "నాన్నా, మీ దగ్గర ఎడారి ఉందంటగా, నువ్వు చూశావా?" అని అడిగింది. "చూడ్డమేందమ్మా, ప్రతి శుక్రవారం బండేసుకుని ఎడారి దాటి సముద్రం దాకా పోయొస్తా" అన్నాడు మాలకొండయ్య. పిల్ల ముందు చిన్నబోవడం ఇష్టంలేక అన్న మాట. అంతే, ఏడేళ్లపాటు ప్రతి శుక్రవారం ఆ పిల్ల అడగడం, ఈయన చెప్పడం. షెడ్డుకొచ్చిన వాళ్ల నోట విన్నవన్నీ తన పేరున చెప్పేవాడు. ఇసుక కొండలు ఎక్కాడు, జింకల్ని చూశాడు, ఇసుక తుఫానులోంచి తప్పించుకున్నాడు. నిజానికి ఆ శుక్రవారాలన్నీ బట్టలు ఉతుక్కుని గదిలో పడుకున్నవే.

ఇప్పుడు పని ముగిసింది. వచ్చేటప్పుడు ఆ సముద్రం గవ్వ ఒకటి తెమ్మంది కోమలి. శనివారం విమానం. ఇక తిరిగి రాడు. దానికి ముందు ఆరు నెలలు, సెలవు దొరికినప్పుడల్లా నన్ను విప్పి, తోమి, ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి అతికి, చివరికొక పొద్దున కిక్కు కొట్టాడు. పద్నాలుగేళ్ల తర్వాత నా గుండెలో మంట రాజుకుంది. నాకెంత ఆనందమేసిందో చెప్పలేను.

ఆఖరి శుక్రవారం, తెల్లవారగానే, ఇద్దరం పీపా దగ్గరికి వచ్చాం. వెనకే పికప్పు వేసుకుని మస్తాన్ వలి వచ్చాడు. రాయచోటి మనిషి, షెడ్డులో వెల్డింగు పని, మాలకొండయ్యకి గదిలో తోడు.

"ఏందన్నా ఇది, ఒగనివే పోతావా? పాపకు గవ్వ కావల్లంటే నేను బజార్లో తెచ్చిస్తా గదా" అన్నాడు మస్తాన్.

"గవ్వ సంగతి కాదురా. ఎల్లుండి ఇంట్లో ఉంటా. పిల్ల ఎదురుగా కూర్చుని అడుగుద్ది. ఫోన్లో చెప్పినట్టు మొహం మీద చెప్పలేను. ఈ ఒక్కసారన్నా నిజం కావాల."

మస్తాన్ నా వెనక కట్టిన సంచి తడిమి చూశాడు. "సాయంత్రం అయిదింటికి నీ ఫోను రాకపోతే షెడ్డు సేటుకు జెప్పి మనుషులను తోలుకోని వస్తా. నీళ్లు బాగా పెట్టుకున్యావా?"

"రెండు పెద్ద సీసాలు."

మాలకొండయ్య నా టైర్లలో గాలి సగానికి తీసేశాడు. ఇసుకలో గట్టి టైరు దిగబడుతుంది, మెత్తటిది పరుచుకుని తేలుతుంది. తర్వాత నా మీదెక్కి, హ్యాండిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన మోకాళ్ల వణుకు నా ట్యాంకుకి తెలుస్తోంది. ఇంజను వణుకు అనుకుందామంటే నేనింకా స్టార్టు కాలేదు. ఎంతసేపటికో కిక్కు కొట్టాడు. పీపా వెనక్కి పోయింది.

ఆ మొదటి ఇసుక కొండ మీదికి ఎక్కినప్పుడు నేను చూసింది ఎలా చెప్పను? పళ్లెంలో రెండు బస్తాలు చూసిన కళ్లు నావి. కొండ మీంచి చూస్తే మరో కొండ, దాని వెనక ఇంకొకటి, ఎర్రగా, నున్నగా, ఒక్క గీతా లేకుండా ఆకాశం అంచు దాకా. రాత్రంతా గాలి కూర్చుని దువ్వినట్టుంది. ఎవరూ చూడకపోయినా అంత అందంగా ఎందుకుండాలి? చూపించుకోవడానికి చుట్టాలు లేరు, గుమ్మం లేదు. మాలకొండయ్య నన్ను ఆపి, ఇంజను కట్టేశాడు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆయన ఊపిరి ఆయనకే పెద్దగా వినపడి ఉలిక్కిపడ్డాడు.

"అబద్ధాలు కూడా తక్కువ చెప్పానే" అన్నాడు చాలాసేపటికి.

అక్కణ్ణుంచి మెల్లగా వణుకు తగ్గింది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, బరువు వెనక్కి వేసి, ఆగకుండా పోనిచ్చాడు. ఆగితే దిగబడతాం, బెదిరినా దిగబడతాం. రెండుసార్లు పడ్డాం. రెండోసారి ఇసుకలో వెల్లకిలా పడుకుని, పడ్డవాడు పడ్డట్టే నవ్వాడు. ఆరు నెలల్లో ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. ఒక లోయలో నిజంగానే జింక కనిపించింది. మమ్మల్ని చూసి పారిపోకుండా, ఎవరు మీరు అన్నట్టు నిలబడింది. మాలకొండయ్య దానికి నమస్కారం పెట్టాడు.

పదకొండు గంటలకి ఆఖరి ఇసుక కొండ ఎక్కాం. దూరంగా నీలం గీత. సముద్రం. దానికీ మాకూ మధ్య మూడు కిలోమీటర్ల మేర తెల్లగా, బల్లపరుపుగా నేల, ఎండకి మెరుస్తూ ఉంది.

"ఓర్నీ, ఇది మన ఉప్పుమడేగా!" అన్నాడు మాలకొండయ్య. గొంతులో ఎంత చనువో. ఎడారంటే భయపడ్డవాడు, ఉప్పు చూడగానే ఇంటికొచ్చినట్టు వదులైపోయాడు. పుట్టింది మొదలు ఆయనకి తెల్లటి నేలంటే గట్టి నేల. చినగంజాంలో ఉప్పు కట్టకముందే మడిని ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కాళ్లతో తొక్కుతారు. మడమతో నొక్కుతూ, వెనక్కి అడుగు వేస్తూ, లెక్క పాడుకుంటూ. అలా తొక్కిన మడి బండరాయిలా ఉంటుంది. అందుకని ఆయన ఇంకేం ఆలోచించకుండా నన్ను అందులోకి దూకించాడు. ఇక్కడ తొక్కినవాళ్లెవరూ లేరు. అదొక్కటే తేడా.

రెండు వందల గజాలు బాగానే పోయాం. ఆ తర్వాత పైపొర పెళుక్కున విరిగింది. కింద నల్లటి బురద. నేను ఇంజను దాకా దిగబడ్డాను. ఆయన యాక్సిలరేటరు తిప్పేకొద్దీ ఇంకా లోపలికి పోయాను. నన్ను ఆపేసి, ఫోను తీసి చూశాడు. సిగ్నలు లేదు. నీళ్లు ఒక సీసా అయిపోయింది. నెత్తిన ఎండ. ముందు సముద్రం హోరు వినపడుతూనే ఉంది, అందదు. ఆయన నా పక్కనే చతికిలబడ్డాడు. ఆ ట్యాంకరు నీడలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. పోతే పోయాను గానీ, ఈయన ఇంటికి చేరాలి అని నాకనిపించింది.

ఎంతసేపు గడిచిందో. ఉన్నట్టుండి మాలకొండయ్య బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పాడు. వట్టి కాలు ఆ నేల మీద పెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా నొక్కాడు. పదకొండేళ్లుగా బూట్లలో ఉన్న కాలు అది. అయినా మరిచిపోలేదు.

నన్ను పక్కకి పడుకోబెట్టాడు. ఇసుక అంచుకి వెళ్లి చొక్కా నిండా పొడి ఇసుక మూటగట్టి తెచ్చాడు. అలా పది సార్లు తిరిగాడు. గుంటలో పోసి, నడుం మీద చేతులు పెట్టుకుని తొక్కడం మొదలుపెట్టాడు. మడమ, అడుగు, వెనక్కి. మడమ, అడుగు, వెనక్కి. చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిన లెక్కే పైకి పాడుతున్నాడు. ఆ ఎడారి అంచున, సముద్రం చెంత, ఒక్కడే మనిషి ఒక మడిని తొక్కుతున్నాడు. నేను పడుకుని చూస్తున్నాను. ఇసుక కొండలు చూసి అబ్బురపడ్డానని చెప్పానే, ఇది అంతకంటే పెద్దది.

నన్ను లేపి నిలబెట్టాక మళ్లీ ఎక్కలేదు. మొదటి గేరులో వేసి పక్కన నడిచాడు. దట్టంగా తెల్లగా ఉన్నచోట కింద తడి, పల్చగా మట్టి రంగు కనపడేచోట గట్టి. కాలు పెట్టి చూసి, ఒప్పుకున్నచోటే నా చక్రం వేయించాడు. ఉప్పు పెళ్లలకి అరికాళ్లు చీరుకుపోయి, వాటిలో ఉప్పు మండుతున్నా బూట్లు తొడగలేదు. బూటుకి నేల తెలియదు. ఆ మిగతా నేల దాటడానికి రెండు గంటలు పట్టింది.

ఆ తర్వాత సముద్రం. ముందు చక్రం నీళ్లలో పెట్టి ఆయన అలాగే నిలబడ్డాడు. ఎవరో ముసలి జాలరి పడవ దగ్గర్నుంచి వచ్చి, ఎక్కణ్ణుంచి అని చేత్తో అడిగాడు. మాలకొండయ్య వెనక ఇసుక కొండల్ని చూపించాడు. ఆ ముసలాయన కొండల్ని చూశాడు, నన్ను చూశాడు, నెత్తురోడుతున్న కాళ్లని చూశాడు. వెళ్లి నీళ్లూ ఖర్జూరాలూ తెచ్చి పెట్టాడు. కడుపు నిండా తాగాక మాలకొండయ్య చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

పోయేముందు గవ్వ ఏరాడు. నా మడ్‌గార్డు లోపల గట్టిపడిన ఉప్పుపెళ్ల ఒకటి స్పానరుతో విరిచి, చేతిరుమాల్లో కట్టుకున్నాడు. తిరుగుదారి అంతా తారు రోడ్డు. అయిదింటికి పావుగంట ముందు మస్తాన్‌కి ఫోను చేశాడు.

ఆ సాయంత్రం నన్ను మూడుసార్లు మంచినీళ్లతో కడిగాడు. ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో ఆయనకి తెలుసు. కానీ నీళ్లు దూరని సందులు నాలో ఎన్నో ఉన్నాయి. మర్నాడు ఆయన విమానం ఎక్కాడు. కాగితాలు లేని బండిని ఇంకెవరు నడుపుతారు? ఏడాది తిరక్కుండానే గొలుసు తుప్పుపట్టి తెగింది, చువ్వలు రాలాయి. ఇప్పుడు మళ్లీ షెడ్డు వెనక తుక్కులోనే ఉన్నాను. దిగులేం లేదు. తివాచీ మీద నిలబడిన దానికంటే ఇలా అరగడం మర్యాదగా ఉంది.

ఆయన వెళ్లిన మరుసటి శుక్రవారం మాట ఒకటి చెప్పాలి. మస్తాన్ నా సీటు మీద కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి మాలకొండయ్యతో మాట్లాడుతున్నాడు.

"గవ్వ ఇచ్చినావా అన్నా పాపకు?"

"ఇచ్చా. అదట్టా చూసి పక్కన పెట్టింది. ఉప్పుపెళ్ల తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. చేదుగా ఉంది నాన్నా అంది. మడిలో మిగిలే చేదు నీళ్లు బయటికి తోడెయ్యకుండా దానంతటది కట్టిన ఉప్పు, ఇది కొట్లో దొరికేది కాదు అంది. ఉప్పుమడి పిల్ల గదా. 'ఈసారి నిజంగానే పోయొచ్చావు నాన్నా' అందిరా మస్తానూ."

"ఈసారంటే? పాపకు ముందే తెల్సునా?"

"ఎప్పట్నుంచో తెలుసంట. మరి ప్రతివారం ఎందుకే అడిగేదానివి అన్నా. ఎడారి కథ చెప్తన్నంతసేపు నువ్వు ఫోను పెట్టెయ్యవు గదా అంది."

మస్తాన్ ఫోను జేబులో పెట్టుకుని, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మడ్‌గార్డు లోపల వేలితో గీకి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"నిజమే, చేదే" అన్నాడు.