నగారా మోగేదాకా

నేను ఒక నగారాను. రాగి పొట్ట, దున్నపోతు తోలు, ఎవరైనా కొడితే తప్ప నోరు తెరవని బతుకు. గుమ్మలకోటలో కంచరివాళ్లు నన్ను సాగగొట్టి తయారుచేసిన రోజుల్లో ఆ కోటకి బురుజులుండేవి, బురుజుల నిండా మనుషులుండేవారు. ఇప్పుడక్కడ మేకలు తిరుగుతాయి. మనుషులు ఏడాదికి రెండు రోజులే వస్తారు.

నన్ను మొదట వాయించినవాడు కొరాడ లచ్చన్న. పోరు మొదలుకావడానికి కొమ్ము ఊదేవారు, ముగిసిందని చెప్పడానికి నన్ను కొట్టేవారు. నేను మోగాక ఎవరూ ఎవరి మీదా కత్తి ఎత్తకూడదు. అందుకే దెబ్బతిన్నవాళ్లు శవాల్లా కదలకుండా పడుకుని, నా మోత కోసం చెవులు రిక్కించేవారు. అది వినపడ్డాకే మెల్లగా తలెత్తేవారు. తెల్లదొరల కుంఫిణీ సైన్యం ముట్టడించిన నాడు సాయంత్రానికి కోట పడిపోయింది. లచ్చన్న నన్ను మోగిద్దామని కర్ర ఎత్తాడు. గుండు తగిలి, ఎత్తిన కర్రతోనే కూలిపోయాడు. కోటగోడ కింద పడున్నవాళ్లకి పోరు ముగిసిందని ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అదే.

ఆ తర్వాత చాలాకాలం నాలో ఒకరు చోళ్ల గింజలు పోసుకున్నారు, ఇంకొకరు గొడుగులు పెట్టుకున్నారు. ఖాళీ కనబడితే ఏదో ఒకటి కుక్కందే మనుషులకి తోచదు. చివరికి డ్రిల్లు మాస్టారుగా రిటైరైన జోగారావుగారు నన్ను వెతికి తెచ్చి కొత్త తోలు వేయించారు. ఏటా మాఘమాసంలో ఒక శని, ఆదివారాలు ఆ పాత ముట్టడిని కోట దగ్గర ఆడించడం ఆయన పెట్టిన వేడుకే. సగంమంది ఎర్రకోట్లు తొడుక్కుని కుంఫిణీవాళ్లవుతారు, సగంమంది తలపాగాలు చుట్టి కోటవాళ్లవుతారు. రేకు ఫిరంగులు దీపావళి మందుతో పేలతాయి. ఒక ఏడు చచ్చిపడ్డ సిపాయి ఒకడు ఫోన్ మోగితే ఎత్తి మాట్లాడాడు. జనం పడీపడీ నవ్వారు, మాస్టారికి తల కొట్టేసినట్టయింది. నగారా మోగేదాకా ఏ శవమూ రెప్ప కూడా వెయ్యకూడదని అప్పటినుంచి ఆయన ఆజ్ఞ. అందరికంటే బాగా చచ్చినవాడికి స్టీలు బిందె బహుమానం.

ఆ బిందె ఏటా పంక్చర్ల షాపు బోయిన పైడిరాజుదే. ఇంట్లో నీళ్లకంటే బిందెలు ఎక్కువైపోయాయని అతని భార్య నీలవేణి విసుక్కునేది.

కిందటేడు ఆదివారం ముట్టడి జోరుగా సాగింది. పైడిరాజు గోడ కింద కూలాడు. పొగ తేలిపోయేసరికి మైదానమంతా శవాలు. జోగారావుగారు కర్రలు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు. ముఖ్య అతిథి శవాల మధ్య తిరుగుతూ ఫొటోలు దిగుతున్నాడు. ఆయన సరదా తీరేదాకా నన్ను కొట్టడానికి లేదు.

అప్పుడు నా తోలు సన్నగా వణికింది. నన్నెవరూ తాకలేదు, గాలి కూడా లేదు. గోడ కింద చాలామంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. అక్కడ పడున్న వేషగాళ్లు అంతమంది లేరు. నాకు భయమేసింది.

వంటల షెడ్డులోంచి నీలవేణి పరుగున వచ్చింది.

"మాస్టారండీ, బేగి కొట్టండి. మా ఆయనకేటో అయిపోనాది."

"మీ ఆయన ఏటా అలాగే పడుంటాడు కదమ్మా. గెస్టుగారి ఫొటోలు కానీ."

"ఆయనెప్పుడూ ఎల్లకిలా పడతాడండి, మొకం ఫొటోలో రావాలని. ఈయేడు బోర్లా పడ్డాడు. జనం రాకుండా కట్టిన తాడు దాటి ఎల్తానంటే మీవోళ్లు ఎల్లనివ్వడం నేదు."

పైడిరాజు గొంతులో గురగుర చుట్టుపక్కల శవాలకి వినపడుతూనే ఉంది. భలే నటిస్తున్నాడనుకుని అవి ఆజ్ఞ ప్రకారం కళ్లు మూసుకునే ఉన్నాయి. మాస్టారు అతిథి వైపు చూశారు. ఆ సందులో నీలవేణి ఆయన చేతిలోంచి కర్ర లాక్కుని నన్ను కొట్టింది. వాయించడం తెలియని చెయ్యి, దుప్పటి ఉతికినట్టు బాదింది. అంతకంటే మంచి దెబ్బ నేనెన్నడూ తినలేదు.

శవాలన్నీ లేచాయి. పైడిరాజు లేవలేదు.

అప్పుడుగాని జనానికి అర్థం కాలేదు. గుండెలు నొక్కుతూ ఆటోలో వేసుకుపోయారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట డాక్టర్లు.

కోలుకున్నాక పైడిరాజు నన్నుంచిన వేడుక కమిటీ గదికి వచ్చాడు. మాస్టారి దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు.

"లేద్దారనే చూసేనండి. పక్కనున్నాయన నా చెయ్యట్టుకుని ఒదల్నేదు. 'ఉండ్రా, నగారా ఇంకా మోగనేదు, లేస్తే చంపేస్తారు' అన్నాడు. చెయ్యి సల్లగా ఉందండి. మోగినాక ఒదిలేసినాడు."

"పక్కన పడున్నది ఎవర్రా?"

"మనోడు కాదండి."

మందుల మత్తులో ఏవేవో కనబడతాయిలే అన్నారు మాస్టారు. అంటూనే నా అంచు మీదున్న చెయ్యి తీసేసుకున్నారు.

ఈ ఏడు పైడిరాజు శవం వేషం వద్దన్నాడు. కర్రలు తనకిమ్మని మాస్టారిని బతిమాలాడు. ముట్టడి అయిపోగానే వాయించడం మొదలుపెట్టాడు. పడ్డవాళ్లంతా లేచి దుమ్ము దులుపుకుని ఉప్మా పొట్లాల కోసం వరస కట్టారు. అతను ఆపలేదు. చేతులు బొబ్బలెక్కాయి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నేనూ ఆపమని కోరలేదు. నీలవేణి వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇంక చాల్రా పైడిరాజూ, అందరూ లేచారు కదా" అన్నారు మాస్టారు.

అతను గోడ వైపు చూస్తూనే మళ్లీ కర్ర ఎత్తాడు.

"నేదండి. ఇప్పుడిప్పుడే లేచి కూకుంతన్నారు."