నేత్రావతి కూర్చునేదాకా

క్యాసంబళ్ళిలో సాయంత్రం ఏడున్నరకు ఆడవాళ్ళ చేతులు ఖాళీ అవుతాయి. పట్టుపురుగులకు ఆకు వేసి, డెయిరీలో పాలు పోసి వచ్చి, కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటారు. పొయ్యి మీద ఎసరు మాత్రం పెట్టరు. సంగటి సీరియల్ అయిన తర్వాతే. ఎనిమిదికి సీరియల్ అయిపోతుంది, అప్పుడు ఎసరు, ఎనిమిదిన్నరకు కంచంలో ముద్ద. ఆ ఊరి మగవాళ్ళ ఆకలి కూడా ఆ వేళకే వేయడం నేర్చుకుంది.

ఏడున్నరకు పాట వస్తుంది. పాట కాగానే తెర మీద పెద్ద హాలు, హాలు మధ్యలో కాఫీ ట్రే పట్టుకుని సీరియల్ పెద్దకోడలు మేఘమాల. నిలబడే ఉంటుంది, అడుగు వేయదు. అంటే కువైట్‌లో నేత్రావతి ఇంకా గిన్నెలు కడుగుతోందన్నమాట.

"ఇంగా కాలేదేమో ఆయమ్మకు," అంటుంది పక్కింటి అక్కయమ్మ వక్క నములుతూ.

"ఈపొద్దు శుక్రవారం గదా. వాళ్ళింటికి చుట్టాలు వస్తారు. ఏనుగును వండే గిన్నెలుంటాయి," అంటుంది నేత్రావతి అత్త చిన్నవెంకటమ్మ.

మేఘమాల బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది. మరీ ఆలస్యమైతే ట్రేను బల్ల మీద పెట్టి మణికట్టు రుద్దుకుంటుంది. కువైట్‌లో అప్పటికి సాయంత్రం ఐదు దాటి ఉంటుంది. నేత్రావతి చేతులు తుడుచుకుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంటుంది. ఆమె కూర్చున్న క్షణాన మేఘమాల ట్రే ఎత్తుకుని అత్తగారి వైపు నడుస్తుంది. క్యాసంబళ్ళిలోనే కాదు, టేకల్‌లోనూ, గౌనిపల్లిలోనూ, రాబర్ట్‌సన్‌పేటలోనూ అంతే. కరెంటు పోతే ఎవరూ ఎందుకని అడగనట్టే దీన్నీ ఎవరూ అడగలేదు.

ఆమె కోసం ఎవరైనా కాచుకుని ఉండడం నేత్రావతి జన్మలో అదే మొదలు. ఈ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి అందరూ తిన్నాక మిగిలింది తిన్నది. బస్సు ఎక్కాలంటే మొగుడు శ్రీరామప్ప ముందు ఎక్కి కూర్చునేవాడు, ఆమె సంచీలు అందించి వెనక ఎక్కేది. బిడ్డను కనడానికి పోయినప్పుడు కూడా, అతను చీట్లాట ముగిసిన తర్వాతే ఆటో తెచ్చినాడు. బోరు ఎండి, మల్బరీ తోట మాడిపోయినప్పుడు మాత్రం, ఆమెను కువైట్‌కు పంపడానికి ఒక్క వారం కూడా ఆగలేదు.

రెండేళ్ళని చెప్పి పంపారు. ఆరేళ్ళయింది. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది.

మొదట్లో ఆమె ఫోనులోనే సీరియల్ చూడబోయింది. 'మీ దేశంలో ఈ కార్యక్రమం అందుబాటులో లేదు' అని వచ్చింది.

"నా దేశం ఏదో వీనికెవరు చెప్పినారు?" అని ఇంటికి ఫోను చేసి తిట్టింది.

కేబుల్ పని చేసే నందీశ్ ఒక చిన్న పెట్టె తెచ్చి చిన్నవెంకటమ్మ టీవీకి తగిలించాడు. ఇక్కడ టీవీలో ఏది నడిస్తే అది నెట్‌లో పోయి అక్కడ ఆమె ఫోనులో నడుస్తుంది. ఇక్కడ చానెల్ మారిస్తే అక్కడా మారిపోతుంది. ఒకసారి శ్రీరామప్ప క్రికెట్ పెట్టాడు. మరుక్షణం ఫోను మోగింది.

"నా ఇంట్లో నా టీవీ నేను మార్చుకోకూడదా?" అన్నాడు.

"ఆ టీవీ ఎవరి చెమటతో వచ్చినాదో మీ అమ్మను అడుగు," అంది నేత్రావతి.

చిన్నవెంకటమ్మ రిమోట్ లాక్కుని తన చీర కుచ్చిళ్ళలో దోపుకుంది. కోడలి మీద ప్రేమతో కాదు. ఆమెకూ సీరియలే కావాలి.

ఇన్నాళ్ళూ రోజూ ఐదు నిమిషాలో, పావుగంటో ఊరికే నిలబడి మేఘమాల ఏం చేస్తుంది? వింటుంది. జిల్లాలో ప్రతి ఇంటి గుట్టూ ఆమెకు తెలుసు. ఆడవాళ్ళు అది గ్రహించి ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. మగవాళ్ళు గ్రహించలేదు. గదిలో ఆడది ఉంటే ఆగి ఆలోచించే అలవాటు వాళ్ళకు లేదు కాబట్టి.

ఆ ఏడు కార్తీకంలో ఒక సాయంత్రం రాబర్ట్‌సన్‌పేట నుంచి ఏజెంటు దాసప్ప వచ్చాడు. అక్కడ బంగారు గనులు నడిచే కాలంలో అతని తాత కూలీలను లిఫ్టులో భూమిలోకి దింపేవాడట. మనవడు ఆడవాళ్ళను విమానం ఎక్కిస్తాడు. టీవీకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర మీద మేఘమాల ట్రేతో నిలబడి ఉంది.

"మేడమ్ ఒప్పుకునిందప్పా. ఇంటి మనిషినే బదులు పంపిస్తే నేత్రావతిని వదిలేస్తాదంట. కొత్తవాళ్ళను నమ్మదు ఆయమ్మ."

"సుమ ఉండాదిలే," అన్నాడు శ్రీరామప్ప. పక్కింటివాళ్ళకు జల్లెడ ఉందని చెప్పినంత తేలిగ్గా.

వాళ్ళ కూతురు సుమకు పద్దెనిమిది. సెకండ్ పీయూసీ పరీక్షలు రాయాల్సిన పిల్ల. ఇంటిపనికి పోవాలంటే ఆ వయసు చాలదు గనక, కొన్నాళ్ళకు దాసప్ప చేయించి తెచ్చిన పాస్‌పోర్టులో ముప్పై ఒకటి వేయించాడు.

"నాకు పెండ్లయి బిడ్డలు కూడా ఉండాల్సిన వయసు రాసినారు గదా దాసప్పన్నా," అంది సుమ దాన్ని తిప్పి చూస్తూ.

"అక్కడికి పోతే ఒక్క ఏడాదికే అంత వయసు వస్తాదిలేమ్మా," అని నవ్వాడు దాసప్ప. అతని జీవితంలో అతను పలికిన నిజం బహుశా అదొక్కటే.

సుమ ఎదురు చెప్పలేదు. అమ్మ వస్తుందని తప్ప ఆ పిల్లకు ఇంకేమీ వినిపించలేదు. తనకు పన్నెండేళ్ళప్పుడు కువైట్ పోయిన అమ్మ. ఫోనులో ముఖం తెలుసు గానీ, అమ్మ పొడుగెంతో ఆ పిల్ల మరిచిపోయింది.

నేత్రావతికి మాత్రం బదులుగా వచ్చేది ఆమె చిన్నాయన కూతురని చెప్పారు. ఆమె నమ్మింది. మేడమ్ పారేసిన సూట్‌కేసుకు చక్రం బాగు చేయించుకుని బట్టలు సర్దుకుంది.

పాస్‌పోర్టు వచ్చిన మరునాడు గిన్నెలు ముగించి ఆమె బకెట్టు మీద కూర్చుంది. మేఘమాల ట్రే ఎత్తుకుని అత్తగారి దగ్గరికి నడిచింది. నడిచి, రోజూ చెప్పే మాట చెప్పకుండా ముఖం ఇటు తిప్పింది.

"నేత్రావతీ, నీ బదులు వచ్చేది మీ చిన్నాయన కూతురు కాదు. సుమ. పాస్‌పోర్టులో ముప్పై ఒకటి వేయించినారు. వచ్చే నెల ఐదో తేదీన విమానం."

చెప్పి, అత్తగారి చేతికి కాఫీ ఇచ్చి, కథలోకి వెళ్ళిపోయింది.

"ఈపొద్దు బాగా చెప్పినాది డైలాగు," అంది అక్కయమ్మ.

ఎనిమిది కాగానే శ్రీరామప్ప ఫోను మోగింది.

"దాన్ని పంపొద్దు."

"నువ్వు రావద్దా మరి? వస్తాను వస్తాను అని ఆరేండ్లుగా ఏడుస్తా ఉండావే."

"దాన్ని ఈడ పెట్టి నేను రాను."

"ఏమైతాదే దానికి? పెద్ద ఇల్లు, ఏసీ, మూడు పూటలా తిండి…"

"ఏసీ వాళ్ళ రూముల్లో ఉండాది. నేను పండుకునేది వాషింగ్ మిషన్ పక్కన. ఆ ఇంటి పెద్దకొడుకు పోయిన రంజానుకు నా రూము తలుపు గడియ పీకేసినాడు. అప్పట్నుంచి రోజూ మిషన్ను తలుపుకు అడ్డం జరిపి పండుకుంటా ఉండా. సుమకు అంత బలం లేదయ్యా."

శ్రీరామప్ప తల ఎత్తి పైకి చూశాడు. ఇంటి పైన రెండో అంతస్తు కోసం లేపిన పిల్లర్లు ఇనుప కడ్డీలతో ఆకాశంలోకి చూస్తున్నాయి.

"అన్నీ సర్దుకుంటాయిలే," అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేత్రావతి సూట్‌కేసు విప్పింది. బట్టలు తీసి మళ్ళీ అరలో పెట్టింది. మరునాడు ఐదుకు గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, ఫోనును బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. బకెట్టు మీద కూర్చోకుండా, నిలబడే ఉల్లిగడ్డలు ఒలవసాగింది.

ఇక్కడ ఏడున్నరకు పాట వచ్చింది. మేఘమాల నిలబడింది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. నిలబడే ఉంది.

రెండో రోజు ఆమె సోఫాలో కూర్చుంది. మూడో రోజు నగలన్నీ తీసి బల్ల మీద కుప్ప పోసింది, మెడ మీద ఎర్రటి గుర్తులు కనబడ్డాయి. నాలుగో రోజు చీర కొంగు ముఖం మీద కప్పుకుని పడుకుంది. సీరియల్ అత్తగారు రెండుసార్లు వచ్చి లేపబోయి, ఆ నిద్ర చూసి తనూ పక్కన కూలబడింది.

క్యాసంబళ్ళిలో ఎవరూ సమ్మె అనే మాట అనలేదు. ఆడవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు, అంతే.

"ఏమే, ఎసరు పెట్టవా?" అని మొగుడు అడిగితే, "ఇంగా అయిపోలేదు గదా," అన్నారు.

"యాడ అవుతా ఉండాది? అది పండుకొని ఉండాదే!"

"లేస్తాదేమో."

మగవాళ్ళు మొదటి రోజు నవ్వారు. రెండో రోజు బేకరీలో బన్ను తిన్నారు. మూడో రోజు బేకరీలో బన్నులు అయిపోయాయి. ఒకరిద్దరు పౌరుషంగా పొయ్యి వెలిగించి, రాగిపిండిని ఎసట్లో ఎప్పుడు వేయాలో తెలియక ఉండలు ఉండలుగా గెలికి కుక్కకు వేశారు. కుక్క వాసన చూసి పోయింది. యాభై అరవై ఏళ్ళుగా రోజూ రెండు పూటలా తింటున్న ముద్ద ఎట్లా తయారవుతుందో ఆ ఊరిలో ఒక్క మగవాడికీ తెలియదని ఆ రోజు తేలింది. గౌనిపల్లిలో కూడా అదే కథని నందీశ్ చెప్పాడు.

"నీ పెట్టె వల్లనే ఇదంతా," అని వాణ్ణి కొట్టబోయారు.

"పెట్టె బాగుండాదప్పా. చూసే మనిషే చూడడం లేదు. ఎందుకో శ్రీరామప్పను అడగండి," అన్నాడు నందీశ్.

ఐదో రోజు సాయంత్రం ఊరి పెద్ద దొడ్డమునియప్ప ముందు నడవగా, ఇరవై మంది మగవాళ్ళు శ్రీరామప్ప ఇంటికొచ్చారు. వెనకాల ఆడవాళ్ళూ వచ్చారు. టీవీలో మేఘమాల పడుకునే ఉంది.

"ఏమప్పా శ్రీరామా, ఆ పిల్లను పంపకపోతే ఏం మునిగిపోతాది?" అన్నాడు దొడ్డమునియప్ప.

"దాసప్పకు మాట ఇచ్చినా."

"దాసప్ప వచ్చి మా ఇంట్లో సంగటి గెలుకుతాడా?"

శ్రీరామప్ప తల్లి వైపు చూశాడు. ఆమె కుచ్చిళ్ళలోంచి రిమోట్ తీసి, మళ్ళీ దోపుకుంది.

"పంపనని చెప్పేయరా. నాకు ఆకలైతా ఉండాది," అంది.

నందీశ్ వీడియో కాల్ కలిపాడు. చాలాసేపు మోగాక నేత్రావతి ఎత్తింది. ఇంతమందిని చూసి కొంగు సర్దుకుంది. ఆమె కళ్ళ ముందే దొడ్డమునియప్ప వీసా కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ముప్పై ఒకటి వేసిన పాస్‌పోర్టును చిన్నవెంకటమ్మ పొయ్యిలో పెట్టింది. కొత్త అట్ట గనక కాలడానికి చాలాసేపు పట్టింది. అది కాలినంతసేపూ నేత్రావతి రెప్ప వేయలేదు.

"చాలామ్మా?" అన్నాడు దొడ్డమునియప్ప.

"సరేనప్పా," అంది ఆమె. "సుమా, పరీక్షలు రాయి." ఫోను పెట్టేసింది.

అందరూ ఊపిరి వదిలారు. కొందరు ఆడవాళ్ళు టీవీ ముందు చోటు చూసుకుని చతికిలబడ్డారు. సుమ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల గొంతు ఆ ఐదు రోజుల్లో ఎవరూ వినలేదు.

"తాతా," అంది. "ఇంతమంది ఒకటై వస్తే మా నాయన మాట మార్చుకునినాడు. ఇట్లే ఇంగొక్కసారి అందరూ కలిసి అడిగితే, మా అమ్మను కూడా పిలిపించొచ్చు గదా? దాసప్పతో మాట్లాడి, ఆ మేడమ్‌తో మాట్లాడి…"

దొడ్డమునియప్ప పంచె దులుపుకుని లేచాడు.

"అది మొగుడూ పెండ్లాల విషయం తల్లీ. మధ్యలో మేము రాకూడదు."

సుమ ఆడవాళ్ళ వైపు తిరిగింది. "అక్కయమ్మవ్వా, మీరైనా చెప్పండి. ఇంగో నాలుగు దినాలు ఎసరు పెట్టకపోతే…"

తెర మీద మేఘమాల కొంగు తొలగించుకుని లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది. అంటే కువైట్‌లో నేత్రావతి బకెట్టు మీద కూర్చుందన్నమాట.

"ఊరికే ఉండమ్మా, మొదలయింది," అంది అక్కయమ్మ.

పక్కన ఇంకెవరో ఉష్ అన్నారు. చిన్నవెంకటమ్మ సౌండు పెంచింది. మగవాళ్ళు ఒకరొకరుగా ఇండ్ల వైపు నడిచారు, ఇంకో అరగంట ఓర్చుకుంటే చాలని.

సుమ ఆడవాళ్ళ మధ్య సందు చేసుకుని, తెరకు బాగా దగ్గరగా వెళ్ళి కూర్చుంది. సీరియల్ అంటే ఆ పిల్లకు ఎప్పుడూ ఇష్టం లేదు. అయినా ఆ అరగంటలో అమ్మ ఏం చూస్తోందో అదే తనూ చూడగలదు. అమ్మ దగ్గర నుంచి ఇంక వచ్చేది అదొక్కటే అని, ఆ ఇంట్లో అందరికన్నా ముందు, ఆ పిల్లకే అర్థమైంది.